గడ్డం బ్రష్షు మీద నాయిన పేరు

ఆ రోజుల్లో మా ఇంట్లో దేనికి కరువున్నా కోపానికి మాత్రం కరువు లేదు. నయాపైసలు కొత్తగా వచ్చిన కాలం. నాయిన వికారాబాద్ స్టేషన్లో సిగ్నళ్ల దగ్గర పనిచేసేవాడు. నేను తాండూరులో ఒక బండల దుకాణంలో రాళ్ల మీద అక్షరాలు చెక్కేవాణ్ణి. రాళ్లంటే సమాధి రాళ్లే. (పెళ్లికి ఎవరు చెక్కించుకుంటారు గనక!) ఆ పనంటే ఆయనకు కోపం, ఆయన కోపమంటే నాకు కోపం. ఆదివారం నేను ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే, "మెట్రిక్ దాక సదివిపిస్తె సచ్చినోళ్ల పేర్లు చెక్కుతుండు. గదీ ఒక నౌకరేనా?" అని గోడతో అనేవాడు. నేనూ గోడకే జవాబిచ్చేవాణ్ణి. మా ఇద్దరి మధ్య ఆ గోడ ఎలా నిలబడిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

నాయినకు ఒక గడ్డం బ్రష్షు ఉండేది, లేతపసుపు కొయ్య పిడిది. ఒకసారి ఆయన ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట పరుగెత్తి గూడ్సు బండిని ఆపితే, తోటి పనివాళ్లంతా కలిసి పేరు చెక్కించి ఇచ్చారు. దేవుడి పటాల తర్వాత ఇంట్లో దానికే మర్యాద. ఏళ్ల తరబడి సబ్బూ వేన్నీళ్లూ తగిలి పేరు మసకబారింది, పేరుకు ముందున్న 'శ్రీ' అయితే బొత్తిగా అరిగిపోయింది. "దీన్ని హైదరాబాద్ పంపి మంచిగ చేపిస్త" అన్నాడు ఒక ఆదివారం, నా ఎదుటే. ఇంట్లో అక్షరాలు చెక్కే కొడుకుండగా హైదరాబాదా! నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన డ్యూటీకి పోగానే బ్రష్షు తీసుకుని కూర్చున్నాను. "మీ నాయిన వస్తువు ముట్టకురా" అని అమ్మ మొత్తుకుంది. వినలేదు. గాడుల్లో గడ్డకట్టిన సబ్బును సూదితో తీశాను, సన్నటి ఉలి మొనతో ఒక్కో అక్షరాన్నీ లోతు చేశాను, నల్లరంగు నింపి, ఆరకముందే పైపైన గుడ్డతో తుడిచాను. పేరు మిలమిలా మెరిసింది. ముందర ఖాళీగా ఉన్న చోటూ నింపేశాను. పళ్లు కొరుకుతూ, మనసులో నాయినతో తగాదా పడుతూ నింపాను. మనసు అక్కడ, చెయ్యి ఇక్కడ.

తెల్లారి నాయిన సగం మొహానికి నురుగుతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు, అందుకే భయమేసింది.

"నేను సచ్చి ఎన్ని దినాలైందిరా?"

పిడి చూశాను. పేరుకు ముందు చక్కగా, ముత్యాల్లాంటి అక్షరాలతో 'కీ.శే.' అని ఉంది. రెండేళ్లుగా నేను చెక్కిన ప్రతి పేరుకూ ముందు అదే. చేతికి ఇంకోటి తెలియదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. (ఏడుస్తోందనుకున్నాను. కాదు.)

ఆయన సగం గడ్డంతోనే, బ్రష్షును రుమాలులో చుట్టుకుని స్టేషనుకు పోయాడు. నేను సిగ్గుతో ఆ రోజు పనికి పోలేదు. సాయంత్రం వచ్చి బ్రష్షు నా ముందు పెట్టాడు. "అందరికి చూపిచ్చిన. మస్తు నవ్విండ్రు" అన్నాడు. రుమాలు మడుస్తూ, "గని అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నయన్నరు. మంచిగనే చెక్కినవు. ముందటివి రెండు గీకెయ్యి, పేరట్లనే ఉండనీ" అన్నాడు. ఈసారి గోడతో కాదు, నాతో.

జన్మలో ఆయన నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది. మూర్ఖుణ్ణి, నా చెవిన పడింది 'గీకెయ్యి' ఒక్కటే. "చెక్కింది గీకుడు నాతోని కాదు. హైదరాబాద్ పంపుకో" అని చెప్పి, వచ్చిన బండెక్కి తాండూరు పోయాను.

ఆయన పంపలేదు. ఇంకొకరి చేత గీకించనూ లేదు. ఆ తర్వాత పదకొండేళ్లు దాంతోనే గడ్డం గీసుకున్నాడు. ఆ రెండక్షరాల మీద బొటనవేలు ఆనించి, పేరు మాత్రం కనబడేట్టు పట్టుకునేవాడు. ఆదివారం పూట చాప మీద పడుకుని అది చూస్తూ కూడా నేను మొహం గోడవైపు తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రాడి మీద నవ్వొస్తుంది, నాలుగు తగిలించాలనీ అనిపిస్తుంది. ఆ రెండక్షరాలు గీకడం, చాకు పట్టుకుంటే అయిదు నిమిషాల పని.