కొవ్వొత్తిలో పదును

పుంగనూరు బజారులో గడియారాలు బాగుచేసే ఘని భారీ మనిషి. ఆయన చేసే వస్తువు మాత్రం ఊదితే ఎగిరిపోయేది. కుట్టుసూదిని అరగదీసి అరగదీసి, గడియారపు ఇరుసుకు తూటు వేసే బర్మా చేసేవాడు. తలవెంట్రుక కంటే రవ్వంత లావు, అంతే. కొలిమి పనివాళ్ల కళ్లలో ఇనపముక్క పడితే, అయస్కాంతం రుద్దిన సూదితో తీసేదీ ఆయనే. ఆ రెండు బొటనవేళ్లకు వణుకంటే ఏమిటో తెలియదు.

నలభైమూడులో యుద్ధం ముదిరి ఇంగ్లీషు సీమ నుంచి సన్న బర్మాలు రావడం ఆగిపోయింది. కుప్పంలో లేతు మిషను పెట్టుకున్న గోవిందప్ప, ఘని బర్మాలను బెంగుళూరు ఫ్యాక్టరీలకు రైలెక్కించేవాడు. కొన్నాళ్లకు బర్మాలు చాలక వాటి గుట్టే కావాలనిపించింది. అడిగాడు, బతిమాలాడు. ఇంటి విద్య గడప దాటదని ఘని నవ్వేశాడు.

ఒక శుక్రవారం ఘని నమాజు ముగించుకుని వచ్చేసరికి, గోవిందప్ప ఇద్దరు వస్తాదులతో కొట్లో కూర్చుని ఉన్నాడు. తలుపు మూశారు. ఒకడు ఘని మెడ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు కుడిచెయ్యి లాగి ఇనపదిమ్మె మీద అదిమిపట్టాడు. గోవిందప్ప సుత్తి ఎత్తాడు.

"కాల్సిన సూదికి పదును యాడ పెడతాండావు, దేంట్లో ముంచుతాండావు?"

ఘని పళ్లు బిగించాడు. సుత్తి పడింది. బొటనవేలు పచ్చడై, నెత్తురు గడియారాల మీదికి చిమ్మింది. ఎడమచెయ్యి కూడా లాగేసరికి ఘని పట్టుదల కూలిపోయింది. తనదైతే కూలదనేవాడు సుత్తి కింద వేలు పెట్టి చూడాలి.

"కొవ్వొత్తిలోప్పా. ఎర్రగా కాల్సి కొవ్వొత్తిలో గుచ్చేస్తాను."

నిజమే చెప్పాడు. వెంట్రుకంత సూదిని నీళ్లలో ముంచితే పెళుసెక్కి విరుగుతుంది, మైనంలో గుచ్చితే నిలుస్తుంది. ఆ కొవ్వొత్తి బల్ల మీదే, ఒళ్లంతా నల్లటి తూట్లతో కనబడుతూనే ఉంది. కానీ గోవిందప్ప కొలిమి ఇంట పుట్టినవాడు. నాగటికర్రు నుంచి కొడవలి దాకా ఇనుమన్నది నీళ్లే తాగుతుందని ఉగ్గుపాలతో నేర్చినవాడు.

"కొలిమోడికే కొవ్వొత్తి కత చెప్తాండావా?" అని రెండో బొటనవేలూ చితగ్గొట్టి పోయాడు.

ఘని బొటనవేళ్లు మళ్లీ వంగలేదు. భార్య జైనాబు అన్నం కలిపి నోట్లో పెట్టేది. సిగ్గుతో రెండు ముద్దలకే చాలనేవాడు. ఆయన నోటితో చెబుతుంటే, కసి కొద్దీ ఆమే సూదులు అరగదీయడం నేర్చుకుంది.

నాలుగు నెలలకు గోవిందప్ప కంటికి నెత్తుటి గుడ్డ కట్టుకుని వచ్చాడు. తాను నీళ్లలో ముంచిన బర్మా లేతు మీద పటపటా విరిగి, ముక్క నల్లగుడ్డులో దిగిందట. తీసిపెట్టమని కాళ్ల మీద పడ్డాడు. ఘని రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

జైనాబు అయస్కాంతం రుద్దిన సూది అందుకుంది. తాను తీస్తానంటూ కూర్చోమంది. గోవిందప్ప మిగిలిన కంటితో సూదిమొన చూశాడు, ఆమె ముఖం చూశాడు. కూర్చోలేకపోయాడు.

"ఆపొద్దు నిజం చెప్తేనే నమ్మకపోతివి," అంది జైనాబు. "ఈపొద్దు నా చెయ్యిని యాడ నమ్ముతావులేప్పా."

గోవిందప్ప బస్సు పట్టుకుని మదనపల్లె ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. కన్ను తీసేశారు. ఆ కబురు విని ఘని సంతోషపడ్డాడా అంటే, పడ్డాడు. దాపరికమెందుకు?

అన్నం దగ్గర, నిజంగా ముక్క తీసేదానివేనా అని భార్యను అడిగాడు. జైనాబు ఇంకో ముద్ద కలిపి పెట్టింది. ఆ పూట ఘని కంచం ఖాళీ చేశాడు.