తల మీంచి దించని కొంగు

ఈ రోజు పొద్దున మా అబ్బాయి ప్రార్థన చేయించుకోకుండానే డ్యూటీకి వెళ్లిపోయాడు. వాడు గాజువాక అవతల ఒక ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడు. రోజూ గడప దాటేముందు నేను కొంగు తల మీద కప్పుకుని ప్రార్థన చేసి పంపుతాను. ఈ రోజు బస్సు పోతుందన్నాడు.

కాసేపటికి ఎక్కడో పెద్ద చప్పుడైంది. ఫోను చేస్తే ఎత్తలేదు. వెంటనే కొంగు కప్పుకున్నాను. ఇన్నేళ్లు సండే స్కూలు పిల్లలకు ప్రార్థన నేర్పినదాన్ని, "ప్రభువా, వాడు..." దగ్గరే ఆగిపోయాను. ఆ రెండు మాటలతోనే పప్పు కడిగాను, పొయ్యి వెలిగించాను, గేటు దగ్గర చేపలు బేరమాడాను.

చేపలమ్మే నూకాలమ్మ ఎగాదిగా చూసింది. "ఎండ నేదు, వాన నేదు, ఆ ముసుగేటమ్మా?"

"ప్రార్థనలో ఉన్నానే."

"కళ్లు తెరిసీసి, సేపలు ఏరుకుంటా సేత్తారేటి?"

"మూస్తే నువ్వు నిన్నటివి అంటగడతావు."

నూకాలమ్మ నిన్నటివి పక్కకు నెట్టి, తాజావి ఏరి నా గిన్నెలో వేసింది.

మధ్యాహ్నం వాడే ఫోను చేసి, "భోంచేశావా అమ్మా?" అన్నాడు తాపీగా. పొద్దున పేలింది మా వీధి చివర లారీ టైరట. సాయంత్రం ఇంటికీ వచ్చాడు. ఆమెన్ అని కొంగు దించడానికి మాత్రం నాకు ఇంకా ధైర్యం చాలడం లేదు, రేపు కూడా డ్యూటీ ఉంది. మీ ఇళ్లలో ఆమెన్ ఎప్పుడంటారో కాస్త చెప్పండి.