పాట లేని ఏడాదిలో పియానో

తమ్ముడు బతికుండగా, వాడు వినే ఆ పియానో సంగీతాన్ని నేను సరిగ్గా విన్నది లేదు. ఫ్రాన్సు వాళ్ళ పాత సంగీతం. ఇంప్రెషనిజం అంటారట. గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఎవరో అంటించారు వాడికి. కారంపూడిలో మా ఎరువుల కొట్టు చూసుకోవడానికి తిరిగొచ్చాక కూడా వదల్లేదు. భోజనాల వేళ చిన్న స్పీకర్లో పెట్టేవాడు.

"ఇదేం పాటరా? ట్యాంకు కారుతున్నట్టుంది. కట్టెయ్" అనేది అమ్మ.

"పాటేనమ్మా. ఒక్కసారి చెవి పెట్టి విను."

"మాటల్లేవు, తాళం లేదు. పాటెట్టా అయిద్దిరా?"

నేను అమ్మ పక్షమే. పల్లవి ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంటే అది కాస్తా అయిపోయేది. "పల్లవి కోసం చూడమాకక్కా. చేలో నిలబడి దూరాన పడే వాన చూస్తాం గదా, అట్టా విను" అనేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది వాడి పని.

నిరుడు శ్రావణంలో వాడికి డెంగ్యూ వచ్చింది. నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చాం. తేరుకున్నాడు అనుకుంటుండగానే పోయాడు. పెళ్ళి కూడా కాలేదు. వాన ఎట్లా చూడాలో నాకు పాఠాలు చెప్పిన వెధవ, తన ఒంటి సంగతి చూసుకోలేదని నాకిప్పటికీ కోపం.

చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండగ ఉండదు, పాట ఉండదు. టీవీ మీద గుడ్డ కప్పేశాం. నేను వెల్దుర్తిలో మా అత్తగారింటి నుంచి వచ్చి అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక వాడి స్పీకరు ఆన్ చేశాను. ఎదురింటి పిన్ని గుమ్మంలోకి వచ్చి, "ఏందక్కా, అప్పుడే పాటలు పెట్టారు?" అని అమ్మనడిగింది.

కందిపప్పు చెరుగుతున్న అమ్మ తలెత్తలేదు. "పాట కాదులేవే, ఏదో చప్పుడు" అంది.

అట్లా ఆ చప్పుడికి మా ఇంట్లో చోటు దొరికింది. రోజూ మధ్యాహ్నం పెట్టేదాన్ని. వాడు ఇందులో ఏం విన్నాడా అని వెతుక్కుంటూ, వెతుక్కుంటూ, వినడం నేర్చుకున్నాను. కింద మోగిన స్వరం ఒకటి ఆరిపోకుండా నిలబడి ఉంటుంది. దాని మీద పైవి చినుకుల్లా రాలతాయి. ఏదీ తేల్చి చెప్పదు. మీట మీంచి వేలు తీసేశాక కూడా స్వరం కొంచెంసేపు ఉంటుంది. ఆ కొంచెంసేపటి కోసమే వినేదాన్ని. అదీ పోయాక ఏడ్చేదాన్ని.

అమ్మ మాత్రం చెరుగుతూనే ఉండేది. కొన్నాళ్ళకు, స్వరాలు సన్నగిల్లే చోట చేట కూడా నెమ్మదించడం మొదలైంది. నేను గమనించాను గానీ అనలేదు. అంటే లేచి వెళ్ళిపోతుందని భయం.

కార్తీకం వెళ్ళాక ఒక మధ్యాహ్నం, వాడు మళ్ళీ మళ్ళీ పెట్టుకునే ముక్క వచ్చింది. అమ్మ చేట కింద పెట్టింది. ఆఖరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా కదల్లేదు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వాడు చెప్పింది నిజమేనే. పాటే ఇది" అంది.

నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఆ మాట వినడానికి వాడు లేడని ఆ వెంటనే గుర్తొచ్చింది. మళ్ళీ అదే పెట్టబోయాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా, కట్టెయ్. ఏడాది తిరగలా ఇంకా."