వాగులో నానిన గడ్డలు

నా చిన్నప్పుడు వేసవి వచ్చిందంటే మా ఊరి పిల్లలందరికీ చెరువే ఇల్లు. మా ఊరు బస్తర్‌లో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. బీడీలకు తునికాకు కోసే రోజుల్లో పెద్దవాళ్లు తెల్లవారకముందే అడవికి వెళ్లిపోయేవారు. మేము ఈత కొడుతూ, గట్టు మీద ముంజెలు తింటూ, రాలిన తునికిపండ్లు ఏరుకుంటూ పొద్దు గడిపేవాళ్లం. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఐదు. వాణ్ని కనిపెట్టుకుని ఉండడం నా పని.

పక్కింటి పెద్దమ్మ దోర్ల తెగ మనిషి. మోకాళ్ల నొప్పులతో ఆకుకు వెళ్లేది కాదు. ఆ వేసవిలో ఆమె తన కొడుకు తవ్వి తెచ్చిన అడవి గడ్డల్ని పలుచగా తరిగి, వెదురుబుట్టలో పోసి, చెరువులోకి వచ్చే వాగులో పెట్టింది. బుట్ట కొట్టుకుపోకుండా పైన ఒక రాయి. మూడు రోజులు వాటి మీదుగా నీళ్లు పారాలట. “అప్పటిదాంక విషమే బిడ్డా, ముట్టకుండ్రి” అని మాకు చెప్పింది.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. రెండో రోజు విషమైనది మూడో రోజు కూడు ఎలా అవుతుంది? విషం నీళ్లలోకి పోతే చేపలు ఎందుకు చావవు? చూడబోతే ఆ ముక్కలు కొబ్బరిలా తెల్లగా, చల్లగా ఉన్నాయి. మొదటి రోజు మధ్యాహ్నమే రాయి జరిపి ఒక ముక్కను నాలుకకు తాకించాను. వెంటనే ఏమీ అనిపించలేదు. తమ్ముడు తనకూ కావాలన్నాడు. రెండు ముక్కలు ఇచ్చాను. ఇన్నేళ్ల తర్వాత చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది, ఏమవుతుందో చూద్దామని వాడి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను.

కాసేపటికి వాడు గొంతు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. చొంగ కారుతోంది, నిలబడలేక ఇసుకలో కూలబడ్డాడు. నా నాలుక కూడా అప్పుడే మండసాగింది. వాణ్ని చంకనెత్తుకుని పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఏం తిన్నాడని అడిగితే, ముంజె తిన్నాడని అబద్ధం చెప్పాను.

ఆమె వాడి నోరు తెరిచి చూసింది. గొంతు పెంచలేదు.

“ముంజెకు నోరు గిట్ల మండదు బిడ్డా. నేనేమనను. ఎన్ని ముక్కలు తిన్నడో చెప్పు.”

“రెండు.”

“మింగిండా, ఉమ్మిండా?”

“ఒకటి మింగిండు పెద్దమ్మా.”

చింతపండు పిసికిన నీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించింది. కక్కిన దాంట్లో ఆ ముక్క కనిపించేదాకా ఊరుకోలేదు. తర్వాత వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది. వాడు కళ్లు మూసినప్పుడల్లా చెంప తట్టి పలకరించేది. నేను గుంజకు ఆనుకుని కదలకుండా కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా వాడు లేచి, “ఆకలైతాంది” అన్నాడు. అంబలి పోయబోతే పెద్దమ్మ చేతుల్లోంచి సగం కింద ఒలికింది. అప్పటిదాకా ఆమె ఒక్కసారి కూడా తడబడలేదు.

అమ్మ వచ్చాక జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. అమ్మ చెయ్యెత్తితే పెద్దమ్మ అడ్డం వచ్చింది.

మూడో రోజు ఆమె నన్ను వాగుకు తీసుకెళ్లింది. ఒక ముక్క చేతికిచ్చి నలిపి చూడమంది. జిగట పోయింది. దాని వాసన చూపించింది, తను కొంచెం నాలుక చివర పెట్టుకుని, ఆగి, ఉమ్మింది. మండడం లేదంది. ఇదంతా మొదట ఎవరు కనిపెట్టారని అడిగాను.

“ఏంది బిడ్డా, ఎవలో ఆకలికి తిన్నోల్లే. తిని ఏమైందో దాచకుండ చెప్పిండ్రు. గందుకే మనకు ఎరుకైంది.”

ఆ రాత్రి ఆ గడ్డలు వండి మా ఇంటికీ పంపింది. రుచి గొప్పగా ఏమీ లేదు, ఉడికిన పిండిలా చప్పగా ఉంది. తమ్ముడు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏదో చేసి బిక్కముఖంతో నా ముందు నిలబడితే, నాకు ముందు కోపమే వస్తుంది. దాన్ని మింగి, “ఏమైందో చెప్పు, నేనేమనను” అంటాను. చెప్పాక నిజంగానే ఏమీ అనకుండా ఉండాలి. అది ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.