ప్రమీల మేడం చదివి వినిపించేది

తడి నేల మీద ఫినాయిలు వాసన పోకముందే ఎవరైనా కాఫీ కలుపుకుంటే, ఆ రెండు వాసనలూ కలిసి నాకు ప్రమీల మేడాన్ని గుర్తుచేస్తాయి. హన్మకొండలోని ఆ కంప్యూటరు ఆఫీసులో నేను ఇప్పటికీ ఊడ్చి తుడుస్తున్నాను. ఆమె హైదరాబాదు వెళ్ళిపోయింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు, అందుకే ఇది నోటితో చెబుతున్నాను.

మా ఆయన పోయాక నేను అన్నిటికీ సరే అనే మనిషినయ్యాను. మరిది ఏం చెప్పినా సరే, దవాఖానలో ఎక్కడ కూర్చోమంటే అక్కడ సరే. ఎందుకని అడిగితే కసురుతారని భయం. ఆఫీసులో చేరిన కొత్తలో మేడం తన పక్కన కుర్చీ చూపించి, "పెద్దమ్మా, జర కూసో. నేను చదువుత, నువ్విను," అంది. నా బిడ్డ వయసుంటుంది. దానికీ సరే అన్నాను.

ఆమె పని నాకు తెలిసినంత వరకు ఇది. ఫోన్లలో జనం ఒక పేజీ తెరుస్తారు. వాళ్ళందరూ ఒకే కంప్యూటరు మీద పడకుండా ముందర ఒకటి నిలబడి, ఏది ఖాళీగా ఉంటే దానికి పంపిస్తుంది. దాన్ని లోడ్ బ్యాలెన్సర్ అంటారు. జనం ఎక్కువైతే దాని వెనక ఇంకా కంప్యూటర్లు చేర్చాలి. అవి ఈ ఆఫీసులో ఉండవు, ఎక్కడో అద్దెకు తీసుకున్నవి. ఆ చేర్చే పని మేడం ఒక ఏఐ ఏజెంటుకు చెప్పేది, అది మనిషి కాదు, కంప్యూటరు లోపలి ప్రోగ్రామే. అది తనే వెతికి, తనే సిద్ధం చేసి, చివరికి "చేయమంటారా?" అని అడిగేది. అవునని చెప్పే ముందు మేడం దాన్ని తెలుగులో నాకు చదివి వినిపించేది.

మొదటిరోజు చదివాక, "ఏం సమజైంది?" అని అడిగింది.

"అంతా అయింది మేడం."

"అయితే నాకు చెప్పు."

నేను కొంగు సర్దుకుని కుర్చీలోంచి లేవబోయాను. ఆమె కసరలేదు. "నాకు సరే అనేటోళ్లు శానమంది ఉన్నరు పెద్దమ్మా. నీకు సమజ్ కాలేదంటే నేను సక్కగ చూడలేదన్నట్టు. మల్ల చదువుత."

ఎదుటి బల్ల దగ్గర పనిచేసే నవీన్ నవ్వాడు. "మేడం, పెద్దమ్మకు నా సీటిచ్చి, ఆ చీపురు నాకియ్యుండ్రి."

"నువ్వు మూలలు ఊడ్వవు బిడ్డా," అన్నాను. ఆ ఆఫీసులో నేను ఎదురు మాట్లాడటం అదే మొదలు.

మా చెల్లె సువార్త ములుగులో ఉంటుంది. కిడ్నీలు పాడై, వారం వారం ఇక్కడి సెంటరులో రక్తం శుభ్రం చేయించుకోవాలి. సోమవారం పొద్దున ఫోన్లో టైం పట్టుకుంటేనే మంచం దొరుకుతుంది. ఒకసారి దొరక్క మొహం, కాళ్ళు ఉబ్బి, ఊపిరాడక జీపులో తెచ్చాం. ఆ సెంటరు పేజీని చూసేది మా ఆఫీసే.

ఒక సోమవారం ఇంకో సెంటరులో మిషిన్లు చెడిపోయి, అక్కడి వాళ్ళంతా ఈ పేజీ మీదికి వచ్చారు. పేజీ కదలడం లేదు. సువార్త ఫోన్ చేసింది. "అక్కా, పొద్దుగాల్నుంచి గిర్రున తిరుగుతనే ఉంది. మీ మేడానికి జర చెప్పరాదే."

తుడుపుకర్రతోనే పరుగెత్తాను. ఏజెంటు అప్పటికే మూడు కంప్యూటర్లు చూపించి, చేర్చమంటారా అని అడుగుతోంది.

"యెస్ కొట్టుండ్రి మేడం, ఫోన్లు ఆగుతలేవు," అన్నాడు నవీన్.

"కొట్టు బిడ్డా. నా చెల్లె పానం అండ్లనే ఉంది," అన్నాను నేను.

ఆమె నా వైపు చూసింది. "కూసో పెద్దమ్మా."

నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం నిదానంగా చదివింది. "మొదటిది పేషెంట్లకు టైం ఇచ్చేది, ఖాళీగుంది. రెండోది గూడ అసుంటిదే. మూడోది..." అని ఆగిపోయింది. "ఇది మనం ప్రాక్టీసుకు, ఉత్త టైములిచ్చి చూసుకునేటందుకు పెట్టుకున్నది. పేరు దగ్గరదగ్గరుంటే ఇదీ తెచ్చింది."

"దీన్ని కలిపితే ఏమైతది?" అని అడిగాను.

"దాని కాడికి పోయినోళ్లకు టైం దొరికినట్టే కనిపిస్తది. తీరా సెంటరుకొస్తే మంచముండదు."

ములుగు నుంచి బస్సెక్కి వచ్చి, మంచం లేదని విన్న సువార్త మొహం కళ్ళముందు కనబడింది. మేడం మూడోదాన్ని తీసేయమని ఏజెంటుకు చెప్పింది. మిగిలిన రెండూ బాగున్నాయో లేదో అడిగి, అవి బాగున్నామని చెప్పాకే జనాన్ని పంపమంది. మళ్ళీ నాకు చదివింది. "సమజైందా?"

"అయింది," అన్నాను. ఈసారి నిజంగానే అయింది. అప్పుడు మేడం యెస్ కొట్టింది.

కాసేపటికి సువార్త ఫోన్. "దొరికిందక్కా. బుధవారం పొద్దున."

పోయిన నెల సెంటరులో డాక్టరు, సువార్త చేతికి చిన్న ఆపరేషన్ చేస్తామన్నాడు. రేపే రమ్మన్నాడు. మా చెల్లె అప్పటికే తలూపుతోంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "సార్, జర మాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి. అప్పుడు సరే అంటం," అన్నాను. నా గొంతు మొరటు, గట్టిగానే వచ్చింది. డాక్టరు గడియారం చూసుకున్నాడు. తర్వాత తన చొక్కా చెయ్యి మడిచి, ఏ నరాన్ని దేనికి కలుపుతారో, రక్తం శుభ్రం చేసేటప్పుడు సూది గుచ్చడం ఎందుకు తేలికవుతుందో చూపించాడు.

"గీ చేతితోని బియ్యం చెరగొచ్చా సార్?" అని సువార్త అడిగింది.

"మానినంక చెరగొచ్చమ్మా. బిందెలు మాత్రం మొయ్యొద్దు."

"మరి మానేదెప్పుడు? నొప్పి లేస్తే ఎవలకు ఫోన్ చెయ్యాలె?" అని మళ్ళీ సువార్తే అడిగింది.

ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. సువార్త తన చేతిని ఒకసారి తడుముకుంది. నన్ను అడగకుండానే, తనే ఆయనకు సరే అని చెప్పింది.