పంటు మీద బొప్పాయి ముక్క

సఖినేటిపల్లి రేవు వీధిలో ఏ ఇంటి కబురైనా ముందు జయమ్మగారి అరుగెక్కాకే ఊళ్లోకి దిగుతుంది. దానికెవరైనా "రట్టు" అని పేరు పెడితే మాత్రం ఆవిడకి ఒళ్లు మండుతుంది.

"రట్టు చెయ్యడమంటే ఒకళ్ల పరువు తీసి వీధిలో పడెయ్యడం. నేను కూపీ లాగుతానంతే. మూలన దాక్కున్న మంచి కబుర్ని చెయ్యి పట్టుకుని వెలుగులోకి తెస్తాను. బయటపెట్టడంలో కూడా ఓ మర్యాద ఉంటుందండీ!" అంటారు.

శ్రావణమాసంలో ఓ పొద్దున్న నర్సాపురం వెళ్దామని గోదావరి దాటించే పంటు ఎక్కేరు. పక్కింటి వెంకటదుర్గ, మొగుడు మణికంఠతో కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికమ్మా?"

"జాకెట్టు గుడ్డకండీ, అత్తయ్యగారూ."

జాకెట్టు గుడ్డకి మొగుడు సెలవు పెట్టి రావడమేమిటి? జయమ్మగారు సంచీలోంచి డబ్బా తీసి మూత విప్పేరు. పెరట్లో కాసిన బొప్పాయి. మణికంఠ ముక్క తీసుకున్నాడు. వెంకటదుర్గ మాత్రం చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఎన్నో నెలే?" గొంతు తగ్గించి అడిగేరు జయమ్మగారు.

వెంకటదుర్గ కళ్లు నీళ్లతో నిండిపోయేయి. "రెండో నెలండీ. పోయినసారి మా అత్తగారు సంతోషం పట్టలేక అందరికీ చెప్పేసేరు. నిలవలేదు. పలకరించడానికి వచ్చినోళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పుకోలేక చచ్చిపోయేనండీ. ఐదో నెల దాకా ఎవరికీ తెలియకూడదు. ఆవిడక్కూడా."

"ఆయ్, అలాగేనమ్మా," అనేసేరు జయమ్మగారు. అనడం ఎంతసేపు!

ఎదురింటి కామాక్షి రోజూ కాఫీవేళకి దిగేది. "మీ మొహంలో ఏదో ఉందండీ పిన్నిగారూ."

"పన్ను నొప్పే తల్లీ," అని చెంప పట్టుకునేవారు. కామాక్షి జాలిపడి లవంగాలు తెచ్చిచ్చింది. లేని నొప్పికి నాలుక మండేలా నమిలేరు పాపం. ఓ రోజు ఉండబట్టలేక పెరట్లో ఆవు చెవిలో చెప్పేసి, ఎవరైనా విన్నారేమోనని గోడ అవతలకి తొంగి చూసేరు.

కార్తీకంలో కపిలేశ్వరపురం నుంచి వెంకటదుర్గ అత్తగారు భవానీదేవి దిగేరు. సున్నుండల పళ్లెంతో సరాసరి అరుగు మీదకే వచ్చేరు.

"మా కోడలికి ఐదో నెలండీ! అందరికన్నా ముందు నాకే ఫోన్ చేసేరు పిల్లలు. అయినా పక్కిల్లు కదా, మీకు తెలియకుండా ఉంటుందా?"

వెనకాలే వచ్చిన వెంకటదుర్గ జయమ్మగారి వంక చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. పంటు మీదే పట్టేసేనన్న మాట జయమ్మగారి నాలుక చివరిదాకా వచ్చేసింది. భవానీదేవి మొహం చూసేరు. దీపం పెట్టినట్టుంది.

"నాకెవరు చెప్తారమ్మా! ఇదే వినడం."

కాఫీకొచ్చి కూర్చున్న కామాక్షి పకపకా నవ్వింది. "పక్కింట్లో ఐదో నెలొచ్చినా తెలియలేదా! ఇక రిటైరైపోండి పిన్నిగారూ!"

జయమ్మగారు పళ్లెంలోంచి సున్నుండ తీసి, మాట దూరే సందు లేకుండా మొత్తం నోట్లో కుక్కేసుకున్నారు.

వెంకటదుర్గ వచ్చి జయమ్మగారి చేతిలో ఇంకోటి పెట్టింది. "ఇది కూడా తినండి అత్తయ్యగారూ."