చక్రం వంతు

ఏ మాట చేతికిచ్చినా దాన్ని అర్థంపర్థం లేకుండా చేసి తిరిగివ్వడం వడ్ల సిద్దిరాములు అలవాటు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు పక్క గుడిసెలో ఎడ్లబండ్ల చక్రాలు బాగుచేసేవాడు. చేతిపనికి వంక పెట్టినవాడు లేడు. నోటిపనికే భార్య గంగమణి తలెత్తుకోలేకపోయేది.

"ఇల్లు కురుస్తున్నది" అంటే, "పాపం, వాన బయట తడుస్తున్నది. లోపటికి రానియ్యి" అనేవాడు. కూతుర్ని చూడవచ్చినవాళ్ళు "పిల్ల నెమ్మదేనా?" అంటే, "పండుకున్నప్పుడైతే మస్తు నెమ్మది" అన్నాడు. అప్పట్నించి అంగట్లో "గాయన ఎవలమ్మా?" అని ఎవరడిగినా గంగమణి కొంగు సర్దుకుని, "నాకెర్క లేదు" అనేది.

ఓ మాఘమాసం మధ్యాహ్నం ఆమె రొట్టెలు తెచ్చేసరికి గేటు ముందు చెరుకుబండ్లు బారులు తీరి ఉన్నాయి. మధ్యలో లింగవ్వ బండి ఒరిగిపోయింది. చక్రంలో ఆకుకర్ర ఒకటి విరిగింది. మొగుడు మంచానపడితే తానే తోలుకొచ్చిన మనిషి. వరుస తప్పితే రేపటిదాకా ఆగాలి. కోసిన చెరుకు ఎండి తూకం పోతుంది.

సిద్దిరాములు దారి మధ్యలోనే ఇరుసు కింద దిమ్మె పెట్టి, చక్రం ఊడదీసి గుడిసెకు దొర్లించాడు. కొత్త ఆకు చెక్కి బిగించి తిరిగి తెస్తుంటే, వెనకబండి బాపురావు అడ్డం నిలబడ్డాడు.

"వరుస ఇడిస్తె ఎన్కకు పోవాలె. గది రివాజు."

లింగవ్వ ముఖం వాడిపోయింది.

"సక్కటి మాట పటేలా" అన్నాడు సిద్దిరాములు. "బండి ఈడనే ఉన్నది. వరుస ఇడిసింది చక్రమొక్కటే. దీన్నే ఎన్కకు పంపుత."

అన్నట్టే బారు చివరిదాకా దొర్లించుకుపోయి నిలబెట్టాడు. "తమ్మీ, నీ తర్వాత దీని వంతు. జర సూస్కో" అని ఆఖరి బండివాడికి అప్పజెప్పాడు కూడా.

ముందు బండ్లు కదిలాయి. లింగవ్వ బండి కదలదు. ఒకపక్క గోడ, ఒకపక్క కాలువ. దాని వెనక బాపురావూ కదల్లేడు.

"సిద్దిరాములూ, చక్రం తేరాదూ?"

"దాని వంతు రాలే పటేలా."

"గింత పరేషాన్ జేస్తవేందయ్యా?"

"నువ్వు జెప్పిన రివాజు నేను తప్పుతనా?"

చివరికి బాపురావే పోయి చక్రం దొర్లించుకొచ్చాడు. "ఓ పటేలా, వరుసల రావాలె" అని దారి పొడుగునా బండ్లవాళ్ళు ఒకటే నవ్వు. సిద్దిరాములు చక్రం ఎక్కించి, ఊడిరాకుండా ఇరుసుకు సీల కొట్టాడు. లింగవ్వ బండి గేటు దాటింది.

ఎప్పుడూ బండిని గుడిసెదాకా లాగించే మనిషి, ఇవాళ దారిలోనే దిమ్మె ఎందుకు పెట్టాడో గంగమణికి అప్పుడు తట్టింది.

"ఎర్కుండే చేసినవ్ గదా?"

"నేనేం జేసిన? చక్రానికే పటేలుతోని తిరగబుద్దయింది."

బారులో ఓ బండి మీదున్న ఈరవ్వ నవ్వు ఆపుకోలేక అడిగింది: "గాయన ఎవలమ్మా?"

గంగమణి కొంగు సర్దుకుంది. "మా ఇంటాయన" అంది, బారంతటికీ వినబడేలా.

సిద్దిరాములు రొట్టెకు చెయ్యి చాచాడు.

"వరుసల రా" అంది గంగమణి.

ఆ వరుసలో ఉన్నది ఆయనొక్కడే.